మూడు తొవ్వల కాడ పద్నాలుగు సెకన్లు

ఇంగ్లండ్ అడవి ఒకటి ఆర్మూర్‌లో గోడకు వేలాడుతోంది.

సోమవారం పొద్దున తొమ్మిదింబావుకి ఎస్సై విజయశ్రీ పరుగుల కోచ్ గదిలో దాని ముందు నిలబడింది. చేత్తో గీసిన పటం అది. వందల ఏళ్ళ నాటి ఓక్ చెట్ల మధ్య ఎక్కుతూ దిగుతూ పోయే తొమ్మిది కిలోమీటర్ల కాలిబాట. పక్కనే అదే కొలతలో ఇంకో పటం ఉంది. అది భీమ్‌గల్ వెళ్ళే దారిలోని గుట్టలది. ఇక్కడ ఓక్ చెట్ల బదులు టేకు, మోదుగ, సీతాఫలం పొదలు. కానీ రెండింట్లోనూ బాట ఒకే వంకర తిరిగింది, ఒకే చోట పైకి లేచింది.

"ఆర్మీ టీముల పోయి గా అడివిల ఉరికిన మేడం. పద్నాలుగేండ్లయింది" అన్నాడు కోచ్ దయానంద్. "వానకు చెట్ల ఏర్లన్ని సబ్బు రాసినట్టుండె. ముప్పై తొమ్మిదో నంబరొచ్చింది. ఇంటికొచ్చినంక, మన గుట్టలల్ల గసొంటి తొవ్వ దొరుకుతదేమో అని మూడేండ్లు తిరిగిన. దొరికింది. ఆడెంత చడావో ఈడ గంతే ఎక్కుడు. ఆడ ఐదో కిలోమీటర్ కాడ పెద్ద మలుపు, ఈడ మూడు తొవ్వలు."

"దీప పడ్డది ఆ మూడు తొవ్వల కాడనే" అంది విజయశ్రీ.

ఆయన తల దించుకున్నాడు. నలభై దాటినా నడుముకు చటాకు కొవ్వు లేని మనిషి. "నా బిడ్డ లెక్క మేడం. ఎట్ల జేత్తురో గని, చేసినోన్ని ఇడువద్దు."

జరిగింది ఇంతే. ఏప్రిల్‌లో ఆ ఇంగ్లండ్ అడవి పందేనికి ఇక్కడినుంచి ఒక్కరు వెళ్ళవచ్చు. ఆ ఒక్కరెవరో తేల్చడానికి ఆదివారం పొద్దున గుట్టల్లో చివరి పరుగు పెట్టారు. ఉన్నది ఇద్దరే. ఆరున్నరకు మహెక్ బయల్దేరింది, ఐదు నిమిషాలాగి దీప. మహెక్ చివరిదాకా వచ్చింది, దీప రాలేదు. ఏడూ నలభైకి, మూడు దారులు కలిసే ఆ మూడు తొవ్వల పక్కనున్న పాత క్వారీ గుంతలో ఇరవై అడుగుల లోతున దీప దొరికింది. తొడ ఎముక విరిగింది, తలకు దెబ్బ. ఇరవై ఆరు గంటలుగా దవాఖానలో కళ్ళు తెరవలేదు.

"దీప ఉరుకుడు షురూ చేసినంక మీరు ఎటు పోయిన్రు?"

"బైక్ మీద అటుదిక్కు, ముగింపు గీత కాడికి. మహెక్ రాంగనే గడియారం ఆపిన. దీప ఎంతకూ రాకపాయె. ఎతుక్కుంట నేనే ఎనకకు పోయిన. ముందుగాల సూసింది నేనే."

విజయశ్రీ రాసుకుంది. వెళ్ళబోతూ తలుపు పక్కనున్న రేకు బోర్డు చూసింది. పైన ఎర్ర రంగుతో, ఏటేటా కొత్తగా దిద్దిన అక్షరాల్లో ఉంది: దయానంద్, 47 నిమిషాల 12 సెకన్లు. దాని కింద సుద్దతో: దీప, 46.50.

"దీపది తక్కువ టైం గదా. పేరు కిందున్నదేంది?"

"పెయింటర్ దొరకలే మేడం."

"మహెక్‌ది నిన్నటి టైము రాయలే?"

"నిన్నటి ఉరుకుడు లెక్కల్లకు రాదు" అన్నాడు ఆయన, కాస్త తొందరగా.

*

స్టేషన్‌లో విజయశ్రీ కుర్చీలో శ్రవణ్ కూర్చుని ఉన్నాడు.

ఈ శ్రవణ్ గురించి చెప్పకపోతే విజయశ్రీ గురించి చెప్పినట్టు కాదు. ఇద్దరూ ఒకే బ్యాచ్. అకాడమీలో ఉత్తమ ట్రైనీ కప్పు అతనికి వచ్చింది, అర మార్కు తేడాతో. నిరుడు దొంకేశ్వర్ మోటార్ల దొంగతనంలో ఆనవాలు పట్టింది ఆమె, పేపర్లో ఫోటో పడింది అతనిది. ఆ పేపర్ ముక్క ఆమె సొరుగులో ఇంకా ఉంది. పారేద్దామని పదిసార్లు తీసింది, పదిసార్లూ మళ్ళీ లోపలే పెట్టింది. ఇప్పుడతను జిల్లా స్పెషల్ టీమ్. పెద్ద కేసు ఎక్కడుంటే అక్కడ వాలుతాడు. ఓర్వలేనితనం పాపమని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

"రా విజయా, టైముకొచ్చినవ్. చాయ్ తాగు. కేసయిపోయింది" అని ఫోన్ ముందుకు తోశాడు.

ఫోన్‌లో మూడు తొవ్వల దగ్గరి రాతి పలక ఫోటో ఉంది. దారి చూపడానికి దానిమీద సున్నంతో బాణం గీసి నిలబెట్టారు. గుట్ట వైపు చూపాల్సిన బాణం క్వారీ వైపు తిరిగి ఉంది.

"ఎవలో తిప్పిన్రు. ఇగో, గీ అంచుకు జూడు. నాలుగు ఎర్ర చారలు. నాలుగు వేళ్ళు. పసుపంటిన చెయ్యి సున్నానికి తాకితే ఏమైతది?"

"ఎర్రగైతది."

"మహెక్ వాళ్ళ నాయిన నసీర్‌కు పసుపు పాలిష్ పట్టే డ్రమ్మున్నది. ఆ పిల్ల గోర్లు జూడు, పచ్చగ."

విజయశ్రీ చాయ్ పక్కన పెట్టింది. తప్పు పట్టడానికి లేదు, చక్కటి ఊహ. పసుపు ఉడకబెట్టే కళ్ళాల్లో ఆడుకుని పెరిగింది తను. ఈ ముక్క తనకు తట్టాలి గాని, పసుపు కొమ్ముకూ అల్లం కొమ్ముకూ తేడా తెలియని శ్రవణ్‌కు తట్టడమేమిటి?

"ఈ సీజన్ల ఆర్మూర్‌ల పసుపంటని చెయ్యి ఎవలిది? మా హెడ్ కానిస్టేబుల్ భూమయ్య చేతులు జూడు."

"చేతులు అందరివి పచ్చగనే ఉంటయ్. ఆ టైముకు, ఆ తొవ్వల, దీప కంటే ముందుగాల పోయింది ఒక్కతే. ఇది ఆ పిల్ల చేతి వాచ్ లెక్క." వేలు పెట్టి చూపించాడు. "మొత్తం నలభై ఏడు నిమిషాల ఐదు సెకన్లు. అన్ని కిలోమీటర్లు బరాబర్ ఉన్నయ్. ఐదు దాటినంక మాత్రం పద్నాలుగు సెకన్లు ఎక్కువ. పలక తిప్పనీకి ఎంత సేపు కావాలె?"

"దీప రెండేండ్ల సంది రోజు ఉరికే తొవ్వ. కండ్లు మూసుకొని పోతది. బాణం జూసి తొవ్వ తప్పుతదా?"

శ్రవణ్ నవ్వాడు. "ఉరికెటోళ్ళు ఆలోచించరు విజయా. ఆలోచించెటోళ్ళు రెండో నంబర్ల వస్తరు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పక్కనున్న స్టేషన్ రైటర్ ఫైల్లో తల దూర్చాడు.

"నాలుగింటికి ప్రెస్ మీట్. అప్పుడే అరెస్టు చూపిస్త. నీక్కూడా పక్కన కుర్చీ ఉంటది, ఫికర్ చెయ్యకు."

"పది నిమిషాలు ఆ పిల్లతోని మాట్లాడ్త."

"ఇరవై మాట్లాడు. నాకేం పోయింది?"

మహెక్‌కు ఇరవై ఏళ్ళుంటాయి. లేడీ కానిస్టేబుల్ గంగవ్వ పక్కన బెంచీ చివర కూర్చుని కుడికాలు ముందుకు చాపుకుంది. చీలమండ వాచి ఉంది.

"దీపంటె నీకు కోపమా?"

"కోపం లేదు మేడం. కుళ్ళు ఉండె." పిల్ల కళ్ళు దించలేదు. "ఎప్పుడు జూసినా ముంగట దాని జడనే కనవడేది. రెండేండ్లు గా జడనే జూసుకుంట ఉరికిన. కని అల్లా కసమ్, పడాలని ఎన్నడు కోరుకోలె. అది పడితే నేను గెలిచినట్టెట్లయితది?"

విజయశ్రీకి తన సొరుగులోని పేపర్ ముక్క గుర్తొచ్చింది.

"ఐదో కిలోమీటర్ కాడ ఎందుకు లేటయినవ్?"

"కాలు మెలివడ్డది. మూడు తొవ్వల కాడ బండమీద ఏదో ఎర్రగ ఉండె. చూసుకోకుంట దగ్గరిదాక వచ్చిన. ఎగిరి దుంకితే కాలు వంకర పడ్డది."

"ఎర్రగ అంటే?"

"తెల్వది మేడం. నా చూపు గడియారం మీదుండె. గీ సంగతి శ్రవణ్ సార్‌కు చెప్పిన. ఆయన రాసుకోలె."

*

పన్నెండున్నరకు విజయశ్రీ గుట్ట మీద ఉంది. జీపు కిందే ఆగిపోయింది. అక్కడినుంచి అడ్డదారిన కిలోమీటరు పైగా నిట్టనిలువు ఎక్కుడు. హెడ్ కానిస్టేబుల్ భూమయ్యకు రిటైర్మెంటు ఎనిమిది నెలలుంది, ఆయాసం మాత్రం ఎనిమిదేళ్ళ ముందే వచ్చేసింది.

"ఇంగ్లండ్‌ల గుట్టలుంటే ఇంగ్లండ్ల ఉరకాలె గని, మనకెందుకు మేడం గీ పరేషాని?" అనుకుంటూ ముందు నడిచాడు.

మూడు తొవ్వల దగ్గర ఎడమ చేతికి మనిషికంటే ఎత్తైన గుండు. కుడి చేతికి మూరెడు వెడల్పు మట్టిగట్టు, అది దాటితే క్వారీ గుంత. నడుమ ఒక చదును బండ. దారంతా అదే. ఎవరు వచ్చినా ఆ బండమీద కాలు వేయక తప్పదు.

ముందు నడుస్తున్న భూమయ్య ఉన్నట్టుండి బండ ఎక్కకుండా కుడి వైపు గట్టు మీదికి జరిగాడు. మట్టి జర్రున జారింది. ఒక రాయి కిందికి పోయింది, దాని వెనక ఇంకోటి. విజయశ్రీ ఒక్క ఉరుకున వెళ్ళి అతని బెల్టు పట్టి వెనక్కి గుంజింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. కింద గుంతలో రాళ్ళు పడిన చప్పుడు కాస్త ఆలస్యంగా వినిపించింది.

"పానం మీదికి తెచ్చినవ్ గద భూమన్నా! సక్కటి బండ ముంగటుంటే అటెందుకు పోయినవ్?"

భూమయ్య గుండె పట్టుకుని బండ వైపు చూపించాడు. "ఎర్రనీళ్ళు మేడం! ఎవలో దిష్టి తీసి పోసిన్రు. ఎవలన్న దాటుతరా? ఇంటికాడ పిల్లలు గల్లోన్ని!"

అప్పుడు చూసింది ఆమె. బండ నడుమ ఇంత మేర ఎర్రటి మరక. పసుపూ సున్నమూ కలిపిన నీళ్ళు, పిల్లల తల చుట్టూ తిప్పి మూడు దారులు కలిసిన చోట పారబోసే నీళ్ళు. పక్కన పొదలో కుంకుమ అద్దిన నిమ్మచెక్క ఒకటి ఎండిపోతోంది. చిత్రమేమిటంటే, తన బూటుకాలు కూడా మరకకు జానెడు ఇవతలే ఆగిపోయి ఉంది. తాను ఆగినట్టు ఆమెకే తెలియలేదు. చదువూ ఉద్యోగమూ తలలో ఉంటాయి, అమ్మ చెప్పినవి కాళ్ళలో ఉంటాయి.

దీప బాణం చూసి తప్పలేదు. ఎర్రనీళ్ళు చూసి పక్కకు తప్పుకుంది.

విజయశ్రీ మోకాళ్ళ మీద కూర్చుని రాతి పలకను పరీక్షగా చూసింది. శ్రవణ్ చెప్పిన నాలుగు వేళ్ళు వేళ్ళు కావు. బండమీద పోసినప్పుడు ఎగిరి పడి, పైనుంచి కిందికి కారిన చుక్కలు. "భూమన్నా, నీ పసుపు చెయ్యి ఈ బాణం మీద రుద్దు" అంది. పొద్దున తన పొలంలో పసుపు కుప్ప ఎత్తి వచ్చిన మనిషి, గట్టిగా రుద్దాడు. పది రోజుల కింద గీసిన సున్నం ఎండి రాయిలా అయిపోయింది. దానిమీద పసుపు పసుపుగానే ఉండిపోయింది. శ్రవణ్ అంత గొప్ప ఊహా ఒక్క రుద్దుడుకు పోయింది.

గట్టు అంచున ఇంకోటి దొరికింది. రాళ్ళ కింద మూడు చోట్ల గడ్డపార దిగిన గుంటలు, లోపలి మట్టి ఇంకా పచ్చిగా. ఎవరో రాళ్ళను ముందే కదిలించి, జాగ్రత్తగా మళ్ళీ ఉన్నచోటే నిలబెట్టారు. నీళ్ళు చూసి దీప ఎటు తప్పుకుంటుందో తెలిసినవాడే ఈ పని చేశాడు. పిల్ల పడ్డాక పలక తిప్పి, అనుమానం బాణం మీదికి మళ్ళించిందీ వాడే.

టైము పన్నెండూ నలభై ఐదు. ఆమె ఫోన్ తీసింది. ఆ ఎత్తున ఒక్క గీత సిగ్నల్ ఉంది. శ్రవణ్ నంబరు మీద బొటనవేలు పెట్టింది.

పెట్టి, తీసేసింది.

ఇప్పుడు చెబితే ఏమవుతుంది? నాలుగింటికి కెమెరాల ముందు అతనే చెబుతాడు, ఎర్రనీళ్ళని, గడ్డపారని, తనే గుట్టెక్కి చూసినట్టు. దొంకేశ్వర్‌లో జరిగింది అదే. చెప్పకపోతేనో? నాలుగింటికి అందరి ముందూ మహెక్ పేరు చెబుతాడు. అప్పుడు తను పక్క కుర్చీలోంచి లేస్తుంది. రెండో నంబరు మనిషి లేస్తుంది! ఆ తలపుకే కడుపుమంట చల్లారినట్టయింది. మూడు గంటలు ఆగితే పోయేదేముంది, పిల్ల స్టేషన్‌లో గంగవ్వ పక్కన భద్రంగానే ఉంది కదా అనుకుంది. ఫోన్ జేబులో పెట్టేసింది.

*

ఒంటిగంటా నలభైకి ఆర్మూర్ దవాఖాన వరండాలో దీప తల్లి లసుమవ్వ కనిపించింది. ముప్కాల్ పక్కన రెండెకరాల పసుపు ఆమెది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఒరిగి ఉంది.

"అక్కా, దీపకు దిష్టి తీస్తవా?"

"తియ్యకుంటెట్ల? గంత మంది కండ్లు పడుతుంటే! పందెం ఉన్నప్పుడల్ల తీస్త మేడం. ఎర్రనీళ్ళు, నిమ్మకాయ."

"ఎప్పుడు ఏడ పోస్తవ్?"

"మా వాడకట్టు మూల మీద పోసేది. ఈ తాప గుట్ట మీద పోసిన."

విజయశ్రీ గొంతు మామూలుగా ఉంచుకుంది. "గంత దూరం ఎట్ల పోయినవ్?"

"దయానంద్ సారే తోలుకపోయిండు, బైక్ మీద. నిన్న పొద్దుగాల ఐదింటికి వచ్చిండు. 'లసుమవ్వా, ఇంగ్లండ్ పందెం చిన్నది కాదు, దిష్టి కూడ పెద్దదే. పిల్ల ఉరికే తొవ్వల పోస్తేనే పోతది' అన్నడు. మూడు తొవ్వల కాడ బండ సూపెట్టి, నడిమిట్ల పొయ్యమన్నడు. ఎంత మంచి మనిషి! తండ్రి లేని పిల్లకు తండ్రి లెక్క చూసుకుంటడు."

"నువ్వు పోసినట్టు దీపకు తెలుసా?"

"చెప్పొద్దన్నడు సారు. చెప్తే దిష్టి తిరిగి తగుల్తదట."

"దీప ఎర్రనీళ్ళు దాటదని సార్‌కు తెలుసా?"

"తెల్వకేం? పోయిన దసరాకు భీమ్‌గల్ల పందెమైతే, తొవ్వల ఎవలో పారేసిన నిమ్మకాయలు జూసి సుట్టు తిరిగి పోయింది. నాలుగు సెకన్లు పోయినయని సారు మస్తు తిట్టిండు. 'నీ పిరికితనమే నీకు గుంత తవ్వుతది' అన్నడు." అప్పుడు లసుమవ్వ ఆగింది. పోలీసామె ముఖం వైపు, తన చేతుల వైపు చూసుకుంది. "ఎందుకడుగుతున్నవ్ బిడ్డా? నా నీళ్ళకేమైంది? నా నీళ్ళతోని నా పిల్లకు..."

"నీ తప్పేం లేదక్కా. నీ ప్రేమను ఇంకొకలు వాడుకున్నరు."

అనేసింది గాని ఆ తల్లి కళ్ళలోకి చూడలేక లేచి నిలబడింది. లోపల దీప వేలు కదిలిందని నర్సు చెబుతోంది. లసుమవ్వకు ఆ మాట వినిపించినట్టు లేదు. చేతులు రెండూ కొంగుకు తుడుచుకుంటోంది, మళ్ళీ మళ్ళీ.

రేకు బోర్డు ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని సామెత. తన తల తన్నింది తను నడక నేర్పిన పిల్లే అయినప్పుడు కొందరు పొంగిపోతారు. దయానంద్ పొంగలేదు. తన పేరు మీద రంగు దిద్దాడు, ఆమె పేరు కింద సుద్దతో రాశాడు. తన అంకె చెరపడానికి చేయి రాని ఆ మనిషి మనసు విజయశ్రీకి పుస్తకంలా కనిపించింది. తనకు కనిపించడంలో వింతేముంది?

అప్పుడు టైము రెండు. శ్రవణ్‌కు ఫోన్ చేయడానికి రెండో అవకాశం అది. చేయకుండా ఆమె ఇంటికి వెళ్ళింది. గుట్టమట్టి అంటిన యూనిఫాం విప్పి, ఇస్త్రీ చేసింది వేసుకుంది. నాలుగింటికి కెమెరాలు ఉంటాయి కదా.

*

రెండూ యాభైకి స్టేషన్ మెట్లెక్కింది. గంగవ్వ బెంచీ ఖాళీగా ఉంది.

"మహెక్ ఏది?"

శ్రవణ్ కాగితాలు సర్దుకుంటూ తల ఎత్తాడు. "గుట్టకు పోయింది. ఆ పద్నాలుగు సెకన్ల పంచాయితి తెంపుదామని. దయానంద్ సార్ వచ్చి మంచి మాట చెప్పిండు. 'అదే తొవ్వల ఇంకోసారి ఉరికించుండ్రి, నేను గడియారం పడ్త. కాలు మెలివడి లేటయిందా, పలక తిప్పి లేటయిందా తెల్సిపోతది' అని. మెల్లగ ఉరికితే నేరం ఒప్పుకున్నట్టే అని పిల్లకు చెప్పి, గంగవ్వను తోడు ఇచ్చిన. రెండుంబావుకు పోయిన్రు."

విజయశ్రీ బల్ల మీదికి వంగింది. "నిన్న మహెక్ ఎంతల ఉరికింది?"

"నలభై ఏడు ఐదు."

"ఆయన రికార్డు నలభై ఏడు పన్నెండు శ్రవణ్! కాలు మెలివడ్డా ఆ పిల్ల ఆయనను దాటేసింది. బోర్డు మీద ఆ టైము రాయలే ఆయన!"

నాలుగు వాక్యాల్లో మొత్తం చెప్పేసింది. ఎర్రనీళ్ళు, గడ్డపార గుంటలు, ఐదు గంటలకు వచ్చిన బైకు, లసుమవ్వ. దాచుకున్నది ఎంత ఘనంగా చెప్పాలనుకుందో! ఇప్పుడు మాటలు ఒకదాని మీద ఒకటి పడి వచ్చాయి. శ్రవణ్ ముఖం పాలిపోయింది. అది చూడాలని ఆమె ఆరేళ్ళుగా కలలు కన్నది. చూస్తే ఏ రుచీ లేదు.

"నేరం చేసిన పిల్ల, చేసిన చోటనే దుంకి సచ్చిందంటరు" అన్నాడు అతను నెమ్మదిగా. "కేసు బందైతది. నేనే... నేనే పంపిన." జీపు తాళాలు అందుకుంటూ అడిగాడు. "నీకిది ఎప్పుడు తెల్సింది?"

అబద్ధం చెప్పొచ్చు. ఇప్పుడే అనొచ్చు.

"పన్నెండు నలభై ఐదుకు."

అతను ఆమె కొత్త యూనిఫాం వైపు చూశాడు. ఇస్త్రీ మడతల వైపు చూశాడు. జీపు వైపు నడిచాడు. తిట్టి ఉంటే బాగుండేది.

దారి పొడవునా గంగవ్వకు ఫోన్ చేస్తూనే ఉంది. గుట్ట కింద సిగ్నల్ ఉండదని ఆమెకు మధ్యాహ్నమే తెలుసు. అయినా చేసింది.

మూడూ ఇరవై రెండుకు జీపు గుట్ట మొదట్లో ఆగింది. గంగవ్వ మోదుగ చెట్టు నీడలో రాయి మీద కూర్చుని, చేతిలో ఏదో పట్టుకుని కాపలా కాస్తోంది. వీళ్ళను చూసి లేచి సెల్యూట్ కొట్టింది. చేతిలో ఉన్నది దయానంద్ గడియారం. అంకెలు పరుగెత్తుతున్నాయి: 12.20, 12.21.

"ఆయనేడి?"

"ముగింపు కాడ ఉంట అని అడ్డతొవ్వల పోయిండు మేడం. గీ గడియారం నా చేతికిచ్చి, 'ఆపకు గంగవ్వా, సాక్ష్యం' అన్నడు. భుజానికి పొడుగాటి బరువు సంచి ఉండె. పిల్ల పాపం కుంటుకుంట షురూ చేసింది."

అడ్డతొవ్వ ముగింపు గీతకు పోదు. అది పోయేది ఒక్కచోటికే. మధ్యాహ్నం ఆమె ఎక్కింది అదే దారి.

"మూడు తొవ్వల కాడికి మహెక్ ఎంత సేపట్ల వస్తది?" అన్నాడు శ్రవణ్.

"నిన్న ఇరవై ఆరు నిమిషాలకు వచ్చింది. కాలు వాచింది గదా, మెల్లగ..." అంటూనే ఆగిపోయింది. మెల్లగా ఉరికితే నేరం ఒప్పుకున్నట్టే అని ఆ పిల్లకు చెప్పి పంపారు. మెల్లగా ఉరకదు. ప్రాణం పోయినా ఉరకదు. "పదమూడు నిమిషాలున్నయ్."

గంగవ్వ చేతిలోని గడియారం విజయశ్రీ లాక్కుంది. ఇద్దరూ ఒకేసారి ఉరికారు. రాళ్ళు, ముళ్ళు, సీతాఫలం కొమ్మలు. మొదటి మలుపు దాకా భుజం భుజం కలిసే ఉన్నారు. రెండో మలుపు దగ్గర మధ్యాహ్నపు ఎక్కుడు ఆమె తొడల్లోంచి బయటికి వచ్చింది. గాలి అందలేదు. శ్రవణ్ రెండడుగులు ముందుకు పోయాడు, ఐదడుగులు, పది. అకాడమీ గ్రౌండ్‌లో ఎన్నిసార్లు చూసిందో ఆ వీపు! చూసిన ప్రతిసారీ జారి పడితే బాగుండునని ఎక్కడో లోలోపల అనుకున్న వీపు.

అతను వెనక్కి తిరిగి, ఆమె కోసం ఒక్క అడుగు నెమ్మదించాడు.

"ఆగకు!" అని అరిచింది విజయశ్రీ. గొంతు చీరుకుపోయింది. "నాకోసం ఆగకు శ్రవణ్! ఉరుకు! నువ్వే ముందుగాల పోవాలె!"

అతను పోయాడు. చెట్ల వెనక కనబడకుండా పోయాడు. ఆమె ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, ఇంకో చేతిలోని గడియారం వైపు చూసింది. 21.40. మహెక్ అక్కడికి రావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. పైన ఎక్కడో, ఇంకా చాలా దూరాన, ఒక రాయి జారి క్వారీ గుంతలో పడిన చప్పుడు కాస్త ఆలస్యంగా వినిపించింది.